బయట పట్టిన దోమల్లో వైరస్ కోసం వెతుకులాట: ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటివారం: ఏ దోమ, ఏ వైరస్

పని చెప్పుకోవడానికి చిన్నదే. బయట తిరిగే ఆడదోమల్ని పట్టాలి, ఏ జాతికి ఆ జాతిని విడదీయాలి, మనుషులకు సోకే వైరస్ వాటిలో ఉందేమో ఆర్టీ-పీసీఆర్‌తో (వైరస్ జన్యుపదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి పట్టే పరీక్ష) చూడాలి. ఇందుకు రెండు చోట్లు ఎంచుకున్నాం. ఒకటి హైదరాబాద్ శివారు కాలనీ. అక్కడ చూసేది ఈడిస్ ఈజిప్టై దోమను, అది మోసే డెంగీ, చికున్‌గున్యా, జికా వైరస్‌లను. రెండోది నల్గొండ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ఊరు. అక్కడ చూసేది క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్, దాని దగ్గరి బంధువులైన విష్ణుయి ఉపగుంపు దోమలను. అవి మోసేది జపనీస్ మెదడువాపు వైరస్.

ఈ వైరస్‌లు మన ప్రాంతానికి కొత్తవి కావు. చాలా ఏళ్లు కనబడకుండా పోయిన చికున్‌గున్యా 2005 చివర్లో మళ్లీ దేశంలోకి వచ్చినప్పుడు మొదట దెబ్బతిన్న ప్రాంతాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మెదడువాపు కేసులు దేశంలో మొదట బయటపడింది 1955లో వెల్లూరులో. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల ప్రాణాలు తీసిన చండీపురా వైరస్‌ను మాత్రం ఈ జాబితాలో చేర్చలేదు, ఎందుకంటే దాన్ని ప్రధానంగా మోసేది ఇసుక ఈగ. లైట్ ట్రాప్‌లో ఇసుక ఈగలు పడితే వేరే ట్యూబులో దాచిపెడతాం. అవి రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటాయి, మామూలు దోమతెర గుడ్డ కళ్లలోంచి దూరిపోతాయి. వాటిని నిలపాలంటే సన్నని నేత సంచి కావాలి.

రెండు చోట్లా పరీక్ష ఒకటే అయినా దాని విలువ ఒకటి కాదు. డెంగీ మనిషి నుంచి దోమకు, దోమ నుంచి మనిషికి తిరుగుతుంది. కాబట్టి దోమలో వైరస్ దొరికే వేళకు ఆ వీధిలో ఎవరికో అప్పటికే సోకి ఉంటుంది, లక్షణాలు లేకపోవడం వల్ల ఆ మనిషికి తెలియకపోవచ్చు. మెదడువాపు వైరస్ తిరిగేది పందులు, కొంగలు, దోమల మధ్య. మనిషి రక్తంలో అది దోమకు అంటేంత మోతాదుకు చేరదు. మనుషుల్లో కేసు రాకముందే దోమల్లో దాని జాడ దొరికే అవకాశం అక్కడ నిజంగా ఉంది. ముందస్తు హెచ్చరిక కోసమే డబ్బు పెట్టేటట్టయితే మా ఓటు వరి పొలాలకే.

మనిషి కాలు చాపి కూర్చుని, వాలిన దోమను పట్టే పాత పద్ధతి వద్దనుకున్నాం. వైరస్ కోసం వెతికే చోట మనిషిని ఎరగా పెట్టడం తగదు. ఇళ్లవాళ్ల రాతపూర్వక సమ్మతి, సంస్థ జీవభద్రతా కమిటీ అనుమతి చేతికొచ్చాకే సామాను కొనడం మొదలైంది.

జూన్ చివర: ట్రాప్‌లు

కాలనీకి బీజీ-సెంటినెల్ (వాసన ఎరతో దోమల్ని రప్పించి ఫ్యాన్‌తో లోపలికి లాగే ట్రాప్), ఊరికి సీడీసీ లైట్ ట్రాప్ (చిన్న బల్బు, దాని కింద ఫ్యాన్, సంచి). ఈడిస్ పగటి దోమ. తెల్లవారాక కాసేపు, పొద్దు గూకే ముందు కాసేపు ఎక్కువగా కుడుతుంది, దీపానికి పెద్దగా రాదు. అందుకని వాసన ఎర కావాలి. బీజీ ట్రాప్‌లో పెట్టే ఎరలో లాక్టిక్ ఆమ్లం, అమ్మోనియా, కాప్రోయిక్ ఆమ్లం ఉంటాయి, ఇవన్నీ మనిషి చర్మం నుంచి వచ్చేవే. ట్రాప్‌ను నేలమీదే పెట్టాలి. నీడ ఉండాలి, గాలి నేరుగా కొట్టకూడదు, చూరు నీళ్లు పడకూడదు. మెట్ల కింద, పూలకుండీల వరస పక్కన, ఇంటి వెనక సందులో బాగా పడతాయి. మిద్దె మీద ఎండలో పెడితే ఎర తొందరగా ఆరిపోతుంది, పడిన దోమలు మాడిపోతాయి.

సీడీసీ ట్రాప్‌ను నేల నుంచి మీటరున్నర ఎత్తులో, పశువుల కొట్టం చూరుకు బయటివైపు కట్టాలి. పొద్దు గూకక ముందే ఆన్ చేసి, తెల్లారాక సంచి మూతి కట్టిన తరువాతే ఆఫ్ చేయాలి. ఈ వరస తిరగబడితే ఫ్యాన్ ఆగిన క్షణంలోనే సగం దోమలు బయటికి పోతాయి. దగ్గర్లో ఎల్ఈడీ వీధిదీపం ఉంటే ట్రాప్ బల్బుకు విలువ ఉండదు, పున్నమి రోజుల్లోనూ పట్టు తగ్గుతుంది. కాబట్టి ఏ రాత్రి పట్టును ఏ రాత్రితో పోల్చుతున్నామో రాసుకోవాలి.

విద్యుత్తు సంగతి. సీడీసీకి 6 వోల్టులు, బీజీకి 12 వోల్టులు. రెండు రకాల బ్యాటరీలూ ఒకే పెట్టెలో పెట్టుకుని తిరిగితే ఎప్పుడో ఒకప్పుడు మారిపోతాయి, ట్రాప్ మోటారు కాలిపోతుంది. వైర్లు తిరగేసి కలిపితే మోటారు ఆగదు, ఫ్యాన్ గాలిని పైకి తోస్తుంది. ట్రాప్ పనిచేస్తున్నట్టే చప్పుడు వస్తుంది కానీ సంచి ఖాళీగా ఉంటుంది. బిగించగానే టిష్యూ కాగితం ముక్క పైన పట్టుకుని లోపలికి లాగుతోందో లేదో చూడటం అలవాటు చేసుకోవాలి. తెల్లారి బ్యాటరీ వోల్టేజీ కొలిచి రాస్తాం. మా నియమం ప్రకారం 6 వోల్టుల బ్యాటరీ 5.8 కంటే కిందికి దిగి ఉంటే ఆ రాత్రి సంఖ్యను సాంద్రత లెక్కలోకి తీసుకోం. దోమల్ని మాత్రం పరీక్షకు వాడతాం.

కార్బన్ డై ఆక్సైడ్ తోడైతే రెండు ట్రాప్‌ల పట్టూ పెరుగుతుంది. రాత్రికి ఒక ట్రాప్‌కు ఒకటి నుంచి ఒకటిన్నర కిలోల డ్రై ఐస్ సరిపోతుంది. థర్మాకోల్ డబ్బాకు అడుగున చిన్న రంధ్రం పెట్టి, ట్రాప్ మూతి పక్కనే వేలాడదీయాలి. డ్రై ఐస్ నగరంలో దొరుకుతుంది, ఊళ్లో దొరకదు. ఊళ్లో పంచదార, ఈస్ట్ వాడుతున్నాం: 250 గ్రాముల పంచదార, 17.5 గ్రాముల పొడి ఈస్ట్, రెండున్నర లీటర్ల గోరువెచ్చని నీళ్లు, 5 లీటర్ల డబ్బా, మూతలోంచి సన్నని గొట్టం. అరగంట ముందే కలపాలి. డబ్బాను అంచుదాకా నింపితే నురుగు గొట్టంలోకి ఎక్కి ట్రాప్ ఫ్యాన్ జిగురైపోతుంది. డ్రై ఐస్‌తో సమానంగా గ్యాస్ రాదు, రాత్రి గడిచేకొద్దీ తగ్గుతుంది. చలికాలంలో ఇంకా తగ్గుతుంది.

చీమలు, బల్లుల సంగతి ఏ మాన్యువల్‌లోనూ సరిగా రాయరు. ఫ్యాన్ కింద సంచిలో పడిన దోమల్ని చీమలు తెల్లారేసరికి రెక్కలూ కాళ్లూ మిగిల్చి తినేస్తాయి. వేలాడే ట్రాప్ తాడుకు జానెడు మేర గ్రీజు పూస్తే ఆగుతాయి. చీమల చాక్‌పీసు మాత్రం గీయకూడదు. అందులోని మందు దోమల్నీ చంపుతుంది, మిగతావాటిని ట్రాప్ దగ్గరికి రానివ్వదు. ఇంట్లో కాయిల్ వెలిగించుకున్నా లిక్విడ్ మెషీన్ పెట్టుకున్నా ఆపమని అడగం. నోట్‌బుక్‌లో రాసుకుంటాం, అంతే.

జులై: చలి గొలుసు

వైరస్ ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యుపదార్థం, దోమ ఒంట్లో ఉన్నంతసేపు మనం అనుకున్నదానికన్నా గట్టిగానే నిలుస్తుంది. చచ్చి ఎండిన దోమలోనూ ఫ్లావివైరస్ (డెంగీ, జికా, మెదడువాపు వైరస్‌లున్న కుటుంబం) ఆర్‌ఎన్‌ఏ పీసీఆర్‌కు కొన్ని రోజులు దొరుకుతుంది. కానీ బతికిన వైరస్ దొరకదు. పాజిటివ్ వచ్చిన పూల్ (ఒకే ట్యూబులో కలిపి పరీక్షించే ఒకే జాతి దోమల గుంపు) నుంచి వైరస్‌ను పెంచాలని ఉంటే దోమ ప్రాణంతో ట్రాప్ నుంచి రావాలి, ప్రాణంతోనే చలిలోకి పోవాలి. అందుకే సంచులను పొద్దున్నే తీస్తాం. ఎండెక్కితే సంచిలో దోమలు ఎండిపోతాయి.

సంచి మూతి కట్టి, తడి గుడ్డ చుట్టి, ఐస్ ప్యాక్‌లున్న పెట్టెలో పెడతాం. గుడ్డ తడి సంచికి తగలకుండా మధ్యలో అట్టముక్క ఉండాలి. తడిసిన దోమ పొలుసులు ఊడిపోతాయి, పొలుసులు ఊడిన దోమ ఏ జాతో చెప్పలేం. ల్యాబ్‌కు చేరాక సంచిని అలాగే మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పది పదిహేను నిమిషాలు పెడితే దోమలన్నీ పడిపోతాయి. క్లోరోఫాం, ఈథర్ వాడటం లేదు.

డ్రై ఐస్ మీద ట్యూబులు పంపేటప్పుడు ఒక చిక్కుంది. మూత సరిగా బిగించని ట్యూబులోకి కార్బన్ డై ఆక్సైడ్ చేరి, కరిగేటప్పుడు ద్రవాన్ని ఆమ్లంగా మారుస్తుంది. పీసీఆర్‌కు నష్టం తక్కువే కానీ వైరస్ చచ్చిపోతుంది. రబ్బరు వలయం ఉన్న స్క్రూ మూత ట్యూబులే వాడాలి. వాటిని జిప్ సంచిలో పెట్టి ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టాలి. వచ్చాక మైనస్ 80లో పెట్టేముందు కాసేపు మైనస్ 20లో ఉంచితే లోపల చేరిన గ్యాస్ పోతుంది.

ట్యూబు మీద రాత సంగతి కూడా ఇక్కడే. మామూలు మార్కర్ సిరా మైనస్ 80లో రాలిపోతుంది, స్పిరిట్ తగిలితే తుడుచుకుపోతుంది. పెన్సిల్‌తో రాసిన చిన్న చీటీ ట్యూబు బయట, దాని మీద క్రయో లేబుల్. చోటు, తేదీ, ట్రాప్, జాతి, లింగం, సంఖ్య, రక్తస్థితి (పొట్టలో రక్తం ఉందా లేదా), ఈ ఏడూ లేని ట్యూబును పరీక్షకు తీసుకోం.

ఆగస్టు: జాతి విడదీయడం, పూల్ కట్టడం

ప్రాజెక్టులో ఎక్కువ సమయం తినేది పీసీఆర్ కాదు, ఈ బల్ల దగ్గరి పని. చల్లబల్ల లేకపోతే పెట్రీ డిష్ కింద ఐస్ ప్యాక్, డిష్‌లో పొడి ఫిల్టర్ కాగితం. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ, చల్లటి డిష్ మీద చెమట పడుతుంది. కాగితం పదేపదే మార్చాలి, ఒక విడతలో ఇరవై ముప్పైకి మించి దోమల్ని బయట పెట్టకూడదు.

ఈడిస్ ఈజిప్టై వీపు మీద అటూ ఇటూ వంపు తిరిగిన రెండు తెల్ల గీతలు, వాటి నడుమ సన్నటి రెండు గీతలు ఉంటాయి. ఆల్బోపిక్టస్‌కు నడిమధ్యన ఒక్కటే తెల్ల చార. గీతలు అరిగిపోతే తొండం మొదట్లో, ముఖం మీది చిన్న పలకను చూడాలి. అక్కడ వెండి పొలుసుల చుక్కలుంటే ఈజిప్టై, నల్లగా ఉంటే ఆల్బోపిక్టస్. హైదరాబాద్‌లో మూడోది కూడా పడుతుంది, ఈడిస్ విట్టాటస్. వీపు మీద మూడు జతల తెల్ల చుక్కలు దాని గుర్తు. రాతి గుంటల్లో నిలిచిన వాననీళ్లలో పెరుగుతుంది కాబట్టి మన బండల ఊళ్లలో దాన్ని ఈజిప్టైతో కలిపేయకుండా చూసుకోవాలి. ఆర్మిజెరెస్ కూడా పడుతుంది. పెద్ద దోమ, తొండం కిందికి వంగి ఉంటుంది, కాళ్ల మీద తెల్ల పట్టీలుండవు.

వరి ఊరి సంచిలో క్యూలెక్స్‌లే ఎక్కువ. తొండం మధ్యలో తెల్ల పట్టీ ఉంటే విష్ణుయి ఉపగుంపు వైపు చూడాలి. పట్టీ లేకుండా లేత గోధుమరంగులో ఉంటే అది మురుగు కాలువల క్యూలెక్స్ క్విన్‌క్విఫాసియాటస్, బోదకాలు పురుగును మోసేది. ట్రైటీనియోరింకస్ చిన్నది, ఎర్రటి గోధుమరంగు. మంచి స్థితిలో ఉంటే గుర్తుపట్టవచ్చు. విష్ణుయి, సూడోవిష్ణుయిలను మాత్రం ట్రాప్ ఫ్యాన్‌లో నలిగాక కంటితో విడదీయడం అయ్యే పని కాదు. విడదీశామని రాసుకోవడం కన్నా ‘విష్ణుయి ఉపగుంపు’ అని రాయడమే నిజాయితీ. అనుమానం ఉన్నప్పుడు ఒక కాలు తుంచి వేరే ట్యూబులో పెడితే, తరువాత జాతికీ జాతికీ తేడా ఉండే సీఓఐ జన్యువు చదివి జాతి తేల్చుకోవచ్చు.

ఇక రక్తస్థితి. మా దృష్టిలో మొత్తం ప్రాజెక్టుకు ఇదే కీలకం. పొట్ట ఎర్రగా ఉబ్బిన దోమలో దొరికిన వైరస్ దోమది కాకపోవచ్చు. నిన్న కుట్టిన రోగి రక్తంలోనో, పంది రక్తంలోనో ఉన్నదే అయ్యుండవచ్చు. అలాంటి దోమ వైరస్‌ను మోస్తోందని చెప్పలేం. అందుకే రక్తం తాగినవి, సగం అరిగినవి, గుడ్లతో ఉన్నవి, ఖాళీ పొట్టవి వేర్వేరు పూళ్లు. గుడ్లతో ఉన్నది లేదా ఖాళీ పొట్టది పాజిటివ్ అయితే దానికి బలం ఎక్కువ. రక్తం తాగిన దోమలు ప్రాణంతో దొరికితే కాగితపు కప్పులో, పంచదార నీళ్ల దూది పెట్టి, రక్తం అరిగేదాకా రెండు రోజులు ఉంచి అప్పుడు చంపితే మంచిది. కానీ కప్పులో వైరస్ ఉన్న దోమ ఉండవచ్చు కాబట్టి రెండు తలుపుల గది లేనిచోట ఇది చేయకూడదు.

మగదోమలు కుట్టవు, రక్తం తాగవు. వాటినీ పారేయడం లేదు. మగ ఈడిస్‌లో డెంగీ దొరికితే అది ఎక్కువగా తల్లి గుడ్ల ద్వారా వచ్చినదే అయ్యుంటుంది. వాన లేని నెలల్లో వైరస్ ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు ఆ పూల్ ఒక ఆనవాలు.

పూల్ పరిమాణం ఈడిస్‌కు 25, క్యూలెక్స్‌కు 50. ఇంకా పెద్దవి కడితే ఖర్చు తగ్గుతుంది కానీ దోమ ఒంట్లోని పదార్థాలు, ముఖ్యంగా కంటి రంగు, రక్తంలోని హీమ్, పీసీఆర్‌ను అణిచేస్తాయి. రక్తం తాగినవాటికి పదికి మించి కట్టం.

సెప్టెంబరు: నూరడం, ఆర్‌ఎన్‌ఏ తీయడం

అడుగు గుండ్రంగా ఉన్న 2 మి.లీ. ట్యూబు, 5 మి.మీ. ఉక్కు గుండు ఒకటి, 25 దోమలకు 1 మి.లీ. ద్రవం. ద్రవం అంటే కణాలను పెంచడానికి వాడే ఎంఈఎం మాధ్యమం, అందులో 2 శాతం దూడ సీరం, పెనిసిలిన్-స్ట్రెప్టోమైసిన్, ఆంఫోటెరిసిన్ బి. దోమ పొట్టలో బ్యాక్టీరియా, బూజు బీజాలు ఉంటాయి. ఈ మందులు లేకపోతే తరువాత కణాల్లో పెంచేటప్పుడు రెండో రోజుకే మాధ్యమం మబ్బుగా మారిపోతుంది. అడుగు సన్నగా కోసుగా ఉన్న ట్యూబు వద్దు, గుండు అందులో ఇరుక్కుపోతుంది. మైనస్ 80 నుంచి తీసిన వెంటనే ఊపినా ప్లాస్టిక్ పెళుసుగా ఉండి గుండు దెబ్బకు పగులుతుంది. ఐస్ మీద ఐదు నిమిషాలు ఉంచి, తరువాత 30 హెర్ట్జ్ వేగంతో రెండు నిమిషాలు ఊపాలి. ట్యూబు అటూ ఇటూ తిప్పి పెట్టి ఇంకో రెండు నిమిషాలు. కాళ్లూ రెక్కలూ తప్ప ఇంకేమీ ముక్కలుగా కనబడకూడదు.

ఊపగానే మూత తీయకూడదు. మూత కింద తుంపరలు ఉంటాయి. ఒకసారి తిప్పి కిందికి దింపి, రెండో తరగతి జీవభద్రతా క్యాబినెట్‌లోనే తెరవాలి. 4 డిగ్రీల దగ్గర 10,000 జీ బలంతో పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైన తేరిన ద్రవాన్ని మూడు భాగాలు చేస్తాం. 140 మైక్రోలీటర్లు ఆర్‌ఎన్‌ఏకు. మిగిలినది రెండు ట్యూబులుగా మైనస్ 80లోకి. ఈ రెండు ట్యూబులే తరువాత ప్రాణం పోస్తాయి. ఒక్క ట్యూబులో దాచి దాన్నే కరిగిస్తూ గడ్డకట్టిస్తూ పోతే వైరస్ ప్రతిసారీ కొంత చస్తుంది.

ఆర్‌ఎన్‌ఏ కిట్ వరస మామూలే: 140 మైక్రోలీటర్ల నమూనాకు 560 మైక్రోలీటర్ల లైసిస్ బఫర్, క్యారియర్ ఆర్‌ఎన్‌ఏతో. గది వేడిలో పది నిమిషాలు. తరువాత 560 ఇథనాల్, కాలమ్, రెండు కడుగులు, చివర 60 మైక్రోలీటర్లలో దించుకోవడం. రెండో కడుగు తరువాత ఖాళీ కాలమ్‌ను ఒక నిమిషం తిప్పడం మానేస్తే ఇథనాల్ మిగిలి పీసీఆర్ సిగ్నల్ ఆలస్యంగా లేస్తుంది. లైసిస్ బఫర్‌లో గ్వానిడీన్ లవణం ఉంటుంది. దాని వ్యర్థంలో బ్లీచింగ్ ద్రావణం పోస్తే విషవాయువు వస్తుంది. బల్ల తుడిచే బ్లీచ్ సీసాను ఈ వ్యర్థం డబ్బాకు దూరంగా ఉంచాలి. కొత్తగా చేరిన ప్రతివారికీ మొదటిరోజే చెప్పే మాట ఇది.

ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. 1 మి.లీ. లోంచి 140 మైక్రోలీటర్లు తీశాం, దాని నుంచి వచ్చిన 60లో 5 మాత్రమే పీసీఆర్ బావిలో (ప్లేటులోని చిన్న గుంటలో) వేస్తాం. అంటే పూల్‌లోని దాదాపు 12 మైక్రోలీటర్ల ద్రవాన్ని, నూటికి ఒక వంతు కన్నా కాస్త ఎక్కువను మాత్రమే చూస్తున్నాం. వైరస్ ఒళ్లంతా పాకిన దోమలో కణాలు వేలల్లో, లక్షల్లో ఉంటాయి, అది దొరుకుతుంది. ఇప్పుడిప్పుడే పేగు గోడలో మొదలైనది చేజారవచ్చు.

అక్టోబరు: పీసీఆర్, పాజిటివ్ అంటే ఏమిటి

డెంగీ, చికున్‌గున్యా, జికాలకు మూడూ కలిపిన ఒకే ప్రోబ్ పరీక్ష. మెదడువాపుకు వేరేది. 50 డిగ్రీల దగ్గర అరగంట, 95 దగ్గర రెండు నిమిషాలు, తరువాత 95 దగ్గర పదిహేను సెకన్లు, 60 దగ్గర ఒక నిమిషం చొప్పున 45 సైకిళ్లు. ప్రతి ప్లేటులో తప్పనిసరిగా ఇవి ఉండాలి: నీళ్ల బావి, పాజిటివ్ కంట్రోల్, ల్యాబ్‌లో పెంచిన శుభ్రమైన దోమల పూల్. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. నీళ్ల బావి రసాయనాల శుభ్రతను మాత్రమే చెబుతుంది. నూరడం దగ్గర్నుంచి ఆర్‌ఎన్‌ఏ దాకా ఎక్కడ కలుషితమైనా చెప్పేది శుభ్రమైన దోమల పూలే. ప్రతి బావిలో దోమ సొంత జన్యువు ఒకదాన్ని కూడా చూస్తాం. అది లేవకపోతే నెగటివ్‌ను నెగటివ్ అని రాయం. ఆర్‌ఎన్‌ఏను పదింతలు పలచన చేసి మళ్లీ వేస్తే చాలాసార్లు లేస్తుంది. పీసీఆర్‌ను అణిచే పదార్థం పలచబడటమే కారణం.

పాజిటివ్ కంట్రోల్‌గా కృత్రిమంగా తయారుచేసిన ఆర్‌ఎన్‌ఏ వాడుతున్నాం. అందులో ప్రకృతిలో లేని ఒక చిన్న వరస చేర్చి ఉంది. ఎప్పుడైనా ఒక పూల్ పాజిటివ్ వస్తే, సీక్వెన్స్ చేసి (జన్యువరస చదివి) చూసినప్పుడు ఆ వరస కనబడితే అది దోమ నుంచి కాదు, మా కంట్రోల్ ట్యూబు నుంచి వచ్చిందని తేలిపోతుంది. కలిపే గది, ఆర్‌ఎన్‌ఏ వేసే గది, యంత్రం గది వేరువేరుగా ఉండాలి. మనుషులు ఒకే దిశలో నడవాలి. యంత్రం గదిలోకి వెళ్లిన ఏప్రాన్ ఆరోజుకు కలిపే గదిలోకి రాకూడదు.

సీటీ విలువ (సిగ్నల్ ఎన్నో సైకిల్‌లో లేచిందో చెప్పే సంఖ్య, వైరస్ ఎక్కువుంటే ఇది తక్కువ) 30 లోపు ఉండి గీత నున్నగా లేస్తే పెద్దగా తర్జనభర్జన ఉండదు. చిక్కంతా 35 దాటాక. అలాంటి సిగ్నల్ వస్తే మా పద్ధతి ఇదీ: దాచిన రెండో ట్యూబు నుంచి కొత్తగా ఆర్‌ఎన్‌ఏ తీయాలి, అదే వైరస్‌లోని వేరే జన్యుభాగాన్ని చూసే ప్రైమర్లతో (వెతికే వరసకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) మళ్లీ పరీక్షించాలి. రెండూ లేస్తే సీక్వెన్స్ చేయాలి. మూడూ కుదిరితేనే పాజిటివ్. ఒకటే లేస్తే ‘అనిశ్చితం’ అన్న గడిలో రాస్తాం, దాన్ని పాజిటివ్ లెక్కలోకి తేం.

ఇంత పట్టుదల ఎందుకంటే ఈడిస్ దోమల జన్యుపదార్థంలోనే పాత ఫ్లావివైరస్‌ల ముక్కలు అతుక్కుని ఉన్నాయి. దోమకు వైరస్ సోకకపోయినా ఆ ముక్క ఉంటుంది. అలాగే దోమల్లో మాత్రమే బతికే, మనిషికి ఏమీ చేయని ఫ్లావివైరస్‌లు ఉన్నాయి. ఈడిస్ కణాల్లో 1975లో కనుగొన్న సెల్ ఫ్యూజింగ్ ఏజెంట్ వైరస్, జపాన్‌లో క్యూలెక్స్ దోమల్లో దొరికిన క్యూలెక్స్ ఫ్లావివైరస్ అలాంటివే. ఫ్లావివైరస్‌లన్నింటినీ ఒకేసారి వలవేసే ఎన్ఎస్5 జన్యువు ప్రైమర్లు వాడితే ఇవన్నీ పాజిటివ్‌గానే కనబడతాయి. ఆ ప్రైమర్లు పనికిరావని కాదు, కొత్త వైరస్‌ను పట్టేవి అవే. కానీ జెల్ మీద పట్టీ చూసి పేరు పెట్టకూడదు, సీక్వెన్స్ చదవాలి. జన్యువులో అతికిన ముక్కను తేల్చడానికి డీఎన్‌ఏజ్ అనే ఎంజైమ్‌తో డీఎన్‌ఏను కడిగేయాలి. పక్కనే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్) లేని బావి కూడా పెట్టాలి. ఆ బావి లేచిందంటే చూస్తున్నది డీఎన్‌ఏ, వైరస్ ఆర్‌ఎన్‌ఏ కాదు.

ఇంకో మెట్టు ఉంది. మొత్తం దోమను నూరి వైరస్ ఉందని చెప్పడం వేరు, ఆ దోమ వైరస్‌ను అంటించగలదని చెప్పడం వేరు. బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ చూసింది దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని. అది లాలాజల గ్రంథుల్లోకి చేరడం ఆయన చూసింది మరుసటేడు, కలకత్తాలో. వైరస్‌కూ అదే దారి: పేగు గోడ, ఒళ్లు, లాలాజల గ్రంథులు. డెంగీకి ఈ ప్రయాణం మన వేడిలో ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. అందుకే వీలైన పూళ్లలో తలలూ కాళ్లూ ఒక ట్యూబులో, పొట్టలు ఇంకో ట్యూబులో పెడుతున్నాం. తలల ట్యూబు పాజిటివ్ అయితే వైరస్ పేగు దాటిందని అర్థం. పని రెట్టింపవుతుంది, అన్ని పూళ్లకూ చేయలేం. అయినా ఉన్న వాటిలో ఇదే ఎక్కువ విలువైన సమాచారం.

ల్యాబ్ దూరంగా ఉన్నచోట డెంగీ ఎన్ఎస్1 (డెంగీ వైరస్ ప్రోటీన్) కిట్‌ను దోమల పూల్ మీద వాడవచ్చు. మనుషుల రక్తానికి వాడే కిట్టే. చౌక, చలి గొలుసు మీద ఆధారం తక్కువ. కానీ అది డెంగీ ఒక్కదానికే, పైగా రక్తం తాగిన దోమను తప్పక పక్కన పెట్టాలి, రోగి రక్తంలోనూ ఎన్ఎస్1 ఉంటుంది.

నవంబరు: వరి ఊరు

నాట్లు పడి యూరియా చల్లాక మళ్లలో ట్రైటీనియోరింకస్ పిల్లపురుగులు పెరుగుతాయి. ఎదిగిన దోమల సంఖ్య ఆ తరువాతి వారాల్లో ఎక్కుతుంది. ట్రాప్‌లతో పాటు పొద్దు గూకిన తరువాత గంటసేపు కొట్టాల్లో, చుట్టూ పొదల మీద, టార్చి పట్టుకుని ఆస్పిరేటర్‌తో (దోమను పీల్చి పట్టే గొట్టంతో) దోమల్ని పడుతున్నాం. నోటితో పీల్చే గొట్టానికి లోపల హెపా ఫిల్టర్ ఉండాలి, లేకపోతే దోమ పొలుసులు, ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బ్యాటరీ ఆస్పిరేటర్ ఉంటే అదే మేలు.

చోటు ఎంపిక దగ్గర ఒక మెలిక ఉంది. పశువుల కొట్టంలో దోమలు విపరీతంగా పడతాయి, ఎందుకంటే ఈ దోమకు పశువు రక్తమంటే ఇష్టం. కానీ పశువుల్లో మెదడువాపు వైరస్ పెరగదు. కాబట్టి అక్కడ వేల దోమలు పట్టినా వైరస్ దొరికే వీలు తక్కువ. పందుల దొడ్డి దగ్గరా, కొంగలు గూళ్లు కట్టిన తుమ్మచెట్ల దగ్గరా పట్టు కొంచెమే అయినా వెతకాల్సింది అక్కడే. ఇప్పుడు ట్రాప్‌లలో సగం కొట్టాల దగ్గర, సాంద్రత లెక్కకు. సగం పందుల దొడ్డి వైపు, వైరస్ కోసం. ఈ రెండింటి పూళ్లు ఎప్పుడూ కలపం.

ఊళ్లో ట్రాప్‌లు చూడగానే అడిగే మొదటి ప్రశ్న ‘మా పిల్లలకు ఏమన్నా వచ్చిందా’ అని. దోమలో వైరస్ దొరకడం అంటే పిల్లలకు సోకినట్టు కాదని, టీకా వేయించుకున్నారో లేదో చూసుకోమని ఏఎన్ఎం చేత చెప్పిస్తున్నాం. పందుల్ని పెంచేవాళ్ల మీదికి నింద పోకుండా మాట్లాడటం కూడా పనిలో భాగమే. దొడ్డిని ఇళ్లకు దూరంగా జరపడం, పందులకు తెర కట్టడం వంటివి వాళ్లతో కూర్చుని మాట్లాడాల్సిన విషయాలు.

డిసెంబరు: లెక్క, తరువాతి పని

ఫలితాన్ని ఎన్ని పూళ్లు పాజిటివ్ అని చెబితే చాలదు. పాత పద్ధతి కనీస సంక్రమణ రేటు: పాజిటివ్ పూళ్లను మొత్తం దోమల సంఖ్యతో భాగించి 1000తో గుణించడం. పాజిటివ్ పూల్‌లో ఒకే దోమకు వైరస్ ఉందని ఇది అనుకుంటుంది. వైరస్ అరుదుగా ఉన్నప్పుడు సరిపోతుంది, ఎక్కువైనప్పుడు తక్కువ చూపిస్తుంది. ఊహించిన లెక్క ఒకటి వేసి చూద్దాం. 25 దోమల పూళ్లు 40, అంటే 1000 దోమలు. రెండు పూళ్లు పాజిటివ్ అయితే ఏ పద్ధతిలోనైనా వెయ్యికి 2 చుట్టూ వస్తుంది. ఇరవై పాజిటివ్ అయితే పాత పద్ధతి 20 అంటుంది, గరిష్ఠ సంభావ్యత పద్ధతి 27 దాటుతుంది. పూళ్లు సమానంగా ఉన్నప్పుడు దాని సూత్రం సులువే: నెగటివ్ పూళ్ల నిష్పత్తికి 25వ మూలం తీసి 1 లోంచి తీసేయడం. పూళ్లు చిన్నా పెద్దా ఉంటే సాఫ్ట్‌వేర్‌తో చేయాలి.

ఒక్కటీ పాజిటివ్ రాకపోతే సున్నా అని రాసి ఊరుకోవద్దు. 1000 దోమల్లో సున్నా వస్తే నిజమైన రేటు వెయ్యికి 3 దాకా ఉండే వీలు 95 శాతం విశ్వాసంతో మిగిలే ఉంటుంది. 3000 దోమల్లో సున్నా అయితే వెయ్యికి 1 దాకా. సంక్రమణ రేటు వెయ్యికి ఒకటి కన్నా తక్కువ ఉండటం అసాధారణం కాదు కాబట్టి కొన్ని వందల దోమల్ని పరీక్షించి ‘ఈ కాలనీలో డెంగీ లేదు’ అనడం తప్పు. నివేదికలో ప్రతి సున్నా పక్కన దోమల సంఖ్య, పై హద్దు రాస్తున్నాం.

తేలిన పాజిటివ్‌ను అదేరోజు జిల్లా మలేరియా అధికారికి ఫోనులో చెప్పి, తరువాత కాగితం పంపాలని నియమం పెట్టుకున్నాం. ఈడిస్ పుట్టిన చోటు నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి పోదు. అందువల్ల ట్రాప్ ఉన్న వీధిలోని సంపులు, డ్రమ్ములు, కూలర్లు, టైర్లు, కొబ్బరి బొండాలు వెతికితే ఫలితం ఉంటుంది. అనిశ్చిత ఫలితాన్ని చెప్పేటప్పుడు అది అనిశ్చితమని చెప్పే పంపాలి.

ఇక మిగిలింది బతికిన వైరస్‌ను పెంచడం. పాజిటివ్‌గా తేలిన పూళ్ల రెండో ట్యూబులను 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడగట్టి, సీ6/36 కణాల మీద 28 డిగ్రీల దగ్గర ఏడు రోజులు పెంచాలి. ఆల్బోపిక్టస్ పిల్లపురుగుల నుంచి ఈ కణాల మూలవంశాన్ని 1967లో పుణె వైరస్ పరిశోధన కేంద్రంలో సింగ్ తయారుచేశారు. ఆ కేంద్రమే ఇప్పటి జాతీయ వైరాలజీ సంస్థ. ఈ కణాల్లో వైరస్‌ను అడ్డుకునే ఆర్‌ఎన్‌ఏ అంతరాయ రక్షణ లోపించి ఉంటుంది కాబట్టి దోమ వైరస్‌లు వీటిలో బాగా పెరుగుతాయి. మొదటి విడతలో కణాలు మామూలుగానే కనబడవచ్చు, డెంగీలో తరచూ అంతే. మాధ్యమాన్ని రెండు మూడుసార్లు కొత్త కణాల మీదికి మార్చి, ప్రతిసారీ పీసీఆర్ చేసి సీటీ తగ్గుతోందో లేదో చూడాలి. సీటీ తగ్గుతుంటే వైరస్ పెరుగుతోందని, సీటీ పెరుగుతూ పోతే మొదట వేసినది పలచబడుతోందని అర్థం. చికున్‌గున్యా, మెదడువాపు వైరస్‌ల పెంపకం మూడో స్థాయి జీవభద్రతా ల్యాబ్‌లోనే చేయాలి. అలాంటి సౌకర్యం ఉన్న ల్యాబ్‌తో ఒప్పందం కాగితాల మీద ఉంది. సంతకాలయ్యేదాకా ట్యూబులు మైనస్ 80లోనే, కరిగించకుండా.